ముంచింగిపుట్టు – కొండ యిచ్చిన వెలుగు

పట్టణచరిత్ర యనగానే మన తలంపునకు కోటలు, గోపురములు, శిలాశాసనములు, రాజుల వంశావళులు వచ్చును. ఇవి లేని యూరికి చరిత్రయే లేదని మనలో పెక్కుమంది యభిప్రాయము. ఈ యభిప్రాయ మెంతవరకు సరియైనదో పరీక్షింపదలచినవారు పాడేరు మీదుగా ఉత్తరమునకు పోయి ముంచింగిపుట్టును చూడవలెను. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒడిషా రాష్ట్రపు టెల్లను ఆనుకొని, తూర్పుకనుమల నడుమ నున్న మండలకేంద్ర మది. పేరెన్నిక గన్న కోటగాని, రాజధానీవైభవముగాని దానికి లేదు. ఐనను దాని చరిత్ర మన యింటి దీపమువరకు వచ్చియున్నది. ఎట్లు వచ్చెనో చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట పేరును చూతము. ఎల్ల కావలనున్న కోరాపుట్, ఎల్లమీదనే యున్న జలాపుట్ అను పేర్ల తుదిభాగమే ముంచింగిపుట్టులోను వినవచ్చును. దక్షిణమున పొరుగు మండలమో, పెదబయలను అచ్చ తెలుగు పేరు గలది. రెండు భాష లొకచోట కలిసి కాపురము చేయుచున్నవని ఊళ్ల పేర్లే చెప్పుచున్నవి. ప్రజల పలుకులను విన్నచో మఱింత విశేషము కనబడును. పోర్జలు, కోదులు, కొండదొరలు, బగతలు, వాల్మీకులు, గదబలు మొదలగు తెగలవా రీ మన్యమున నివసింతురు. కోదుల కువి, కొండదొరల కొండభాష తెలుగునకు చుట్టములైన ద్రావిడభాషలు. గదబలలో కొందరు మాటలాడు గుతోబు ముండాకుటుంబములోనిది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతమున నేర్చి, 1931లో వ్యాకరణగ్రంథము వెలయించిన సవరభాషకు తోబుట్టువు. ఈ తెగలు ఒకరితో నొకరు మాటలాడుకొనుటకు వాడుకొనునది ఆదివాసీ ఒడియా, అది ఆర్యభాష. విద్వాంసులు మూడు భాషాకుటుంబములుగా విభజించినవానిని ఇచటి సంతలో ఒక ముసలమ్మ ఒక్క పూటలో వినుచుండును.

సంతయే ఈ కొండసీమకు నగరము. వారమున కొకనాడు దూరపు గూడెములనుండి జనులు కావళ్లతోను తలమూటలతోను దిగివత్తురు. చోళ్లు, సామలు, వలిసెలు, పసుపు, చింతపండు, అడ్డాకులు, తేనె కొండనుండి వచ్చును. ఉప్పు, ఎండుచేప, బట్టలు, ఇనుపసామాను మైదానమునుండి ఎక్కివచ్చును. ఇచ్చిపుచ్చుకొనుట న్యాయముగా జరిగినంతకాలము ఇంతకు మించిన నాగరకత యేమున్నది? కాని తూనిక షావుకారుది, లెక్క షావుకారుది. చదువురాని కొండవాడు పంట చేతికి రాకమునుపే దానిని తాకట్టు పెట్టుకొనెను. అప్పు తీరువరకు ఋణదాత యింట వెట్టిచాకిరి చేయు నాచార మీ కొండలలో నెంత ప్రబలియుండెనో చెప్పుటకు ఒక్క సాక్ష్యము చాలును: ఏజెన్సీప్రాంతమునందలి ఋణదాస్యమును రద్దుచేయుటకై మద్రాసు ప్రభుత్వము 1940లో ప్రత్యేకముగా నొక నిబంధన చేయవలసివచ్చెను.

ఈ 'ఏజెన్సీ' అను పేరునకును చరిత్ర గలదు. గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండలలో తిరుగుబాట్లు చెలరేగగా, మైదానపు చట్టము లచట చెల్లవని తలంచి ఇంగ్లీషువారు 1839లో ఒక ప్రత్యేకశాసనము చేసిరి. దానిచే కలెక్టరు గవర్నరునకు ఏజెంటై, పాలనయు, సివిలు క్రిమినలు న్యాయవిచారణయు తానే వహించెను. ఆ ఏజెంటు ఏలిన సీమ యగుటచే నిది ఏజెన్సీ యయ్యెను. మన్యపు జ్వరమునకు వెఱచి అధికారు లా కొండలలో తడవుగా నిలుచువారు కారు. తరువాత వచ్చిన అటవీశాసనము పోడును అడ్డగించెను. రహదారుల నిర్మాణము వెట్టిని తెచ్చెను. ఇట్టి బాధలనుండియే, ముంచింగిపుట్టునకు దక్షిణముననున్న గూడెము కొండలలో 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు పుట్టెను. నేటి జిల్లాకు ఆయన పేరే పెట్టబడినది.

1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రమయ్యెను. అంతవరకు విశాఖపట్టణము జిల్లాలో చేరియున్న జయపురము జమీనుసీమ కోరాపుట్ జిల్లాగా అటు పోయెను. పటముమీద గీచిన గీటునకు ఇరువైపుల ఉన్నవారు ఒకే తెగలవారు. వారికి బంధుత్వము లొక్కటే, పండుగ లొక్కటే. చైత్రమున ఇటుకల పండుగ వచ్చినపుడు విత్తనములను పూజించువారికిని, థింసా ఆడు స్త్రీలకును ఆ గీటు కనబడలేదు. కాని రెండు ప్రభుత్వములకు మాత్రము బాగుగా కనబడెను. ఏలయన నది కూడ దానివెంటనే పాఱుచున్నది.

ఆ నది మాచ్‌ఖండ్. మాడుగుల కొండలలో పుట్టి, ఈ సీమలో కొంతదూరము రెండు రాష్ట్రములకు సరిహద్దుగా ప్రవహించి, డుడుమ యొద్ద అయిదువందల యడుగులకు పైబడిన యెత్తునుండి లోయలోనికి దుముకును. దిగువన సీలేరై, శబరిలో కలసి, ఆ శబరితోపాటు గోదావరిని చేరును. రాజమహేంద్రవరమున గోదావరీస్నానము చేయువారు తాము తాకు నీటిలో ఈ కొండల నీరును గలదని తలంచియుందురో లేదో!

ఆ పాతమునుండి విద్యుచ్ఛక్తి తీయుటకై మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వము లొడంబడి జలాపుట్ కడ ఆనకట్ట కట్టిరి. అది సుమారు 34 టీఎంసీల నీటిని పట్టును. ఒనకడిల్లి యొద్ద విద్యుత్కేంద్రము 1955లో పని ప్రారంభించెను. 1959 నాటికి ఆఱు యంత్రములు చేరి, దాని శక్తి సుమారు 115 మెగావాట్లయ్యెను. విశాఖపట్టణము మొదలుగా తీరాంధ్రపు పట్టణములకు ఆ వెలుగు తీగలవెంట దిగివచ్చెను. మన తాతల యిండ్లలో కిరసనాయిలు బుడ్లు ఆఱిపోయి విద్యుద్దీపములు వెలిగినది చాలచోట్ల ఈ నీటిబలముచేతనే.

ఒడంబడికలో మొదట మద్రాసునకు పదింట ఏడు పాళ్లు, ఒరిస్సాకు మూడు పాళ్లు. 1953లో మద్రాసు పాలు ఆంధ్రరాష్ట్రమునకు సంక్రమించెను. ఏడును మూడును కలిసిన పది; పొలము మునిగినవానికి పాలు మిగులలేదు. నిరాశ్రయులైనవి సుమారు 3,000 కుటుంబములు. అందు సగమునకు పైగా ఆదివాసులు. పునరావాసము పొందినవారు వారిలో కొద్దిమంది మాత్రమే. మునిగిన లోయమీదుగా పోయిన తీగలనుండి చుట్టుపట్ల గూడెములకు దీపము దిగుటకు మఱికొన్ని దశాబ్దములు పట్టెను.

ప్రభుత్వ మేమియు చేయలేదనుట ధర్మము కాదు. ఏజెంటు అనుమతి లేనిదే కొండవాని భూమి ఇతరులకు పోరాదని 1917లోనే చట్టము పుట్టెను. 1959లో అది సవరింపబడి, 1970లో గిరిజనేతరులకు ఎట్టి హస్తాంతరణము చెల్లనంత కఠినమయ్యెను. సంతలోని మోసమును తగ్గించుటకు 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడెను. 2004లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా మొదలగు ఎనిమిది భాషలలో చిన్నపిల్లలకు ప్రాథమికవిద్య నేర్పు ప్రయత్న మారంభమయ్యెను. 2022లో పాడేరు కేంద్రముగా క్రొత్త జిల్లా వెలసి, విశాఖపట్టణమువరకు పోవలసిన పని తగ్గెను. ఇవియన్నియు మేలే. ఐతే చట్టము పుట్టిన తేదీ వేరు, అది గూడెము చేరిన తేదీ వేరు. ఈ రెంటి నడుమ నున్న దూరమే మన్యపు చరిత్రలో చాలభాగము.

ఇది చదివి మనము జాలిపడి యూరకున్నచో ప్రయోజనము లేదు. జాలి పడువాడు తాను దాత ననుకొనును; ఈ విషయమున మనము ఋణస్థులము. సంతలో తూనిక సరిగా నుండుట, బడిలో బిడ్డ పలికిన మాట ఉపాధ్యాయున కర్థమగుట, తాత దున్నిన భూమి మనుమని పేరనే యుండుట – వారు కోరున దింతమాత్రమే. ఇందులో నేదియు దానము కాదు. మన బిడ్డల పాఠ్యపుస్తకములలో హంపీవిజయనగరముతోపాటు, ఓరుగల్లుతోపాటు, ముంచింగిపుట్టునకును ఒక పుట యుండనిండు. రాత్రి దీపము వెలిగించుకొని ఆ పుట చదువు బాలుడు, "ఈ వెలు గెక్కడిదమ్మా?" యని యడిగిననాడు తల్లి చెప్పుటకు జవాబుండవలెను.