ఇంద్రకీలాద్రి: మెట్లెక్కి వచ్చిన భక్తుల చరిత్ర

విజయవాడలో కృష్ణానది ఎడమ ఒడ్డున నిలిచిన ఇంద్రకీలాద్రి మీద వెలసిన కనకదుర్గమ్మ సన్నిధి ఆంధ్రదేశంలో అత్యధిక జనం దర్శించే శక్తి క్షేత్రాలలో ఒకటి. కీలుడనే యక్షుడు అమ్మవారిని తన హృదయంలో నిలుపుకోవాలని తపస్సు చేసి పర్వతరూపం పొందాడనీ, మహిషాసుర సంహారం తరువాత దేవి ఆ కొండ మీదనే కొలువుదీరిందనీ స్థలపురాణం చెబుతుంది. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసినదీ, కిరాతవేషంలో వచ్చిన శివునితో పోరాడినదీ ఇక్కడేనని క్షేత్ర సంప్రదాయం. అమ్మవారి మూర్తిని స్వయంభువుగా, అంటే ఎవరూ ప్రతిష్ఠించకుండా తనంతట తానుగా వెలసిన మూర్తిగా భావిస్తారు. ఉగ్రరూపిణి అయిన ఆ తల్లిని ఆదిశంకరులు శ్రీచక్ర ప్రతిష్ఠతో శాంతింపజేశారన్న విశ్వాసం నేటికీ పూజావిధానానికి ఆధారంగా ఉంది.

పురాణం నుంచి చరిత్రలోకి దిగితే మొదట నిలబడేది ఒక సామాన్యుని పేరు. కిరాతార్జునీయ కథను శిల్పాలుగా చెక్కించిన రాతి స్తంభాన్ని ఈ కొండ మీద నిలిపినవాడు త్రికోటిబోయి. ఇంద్రుని ఆజ్ఞపై అర్జునునికి ఇంద్రకీలానికి దారి చూపిన యక్షుడే తానై మళ్లీ పుట్టానని అతడు శాసనంలో చెప్పించుకున్నాడు. రాజూ మంత్రీ కాని ఒక మనిషి, కొండకు దారి చూపడమే తన జన్మ సార్థకతగా రాతి మీద రాయించుకోవడం ఈ క్షేత్ర చరిత్రలో అత్యంత విలువైన సంగతి. దారి చూపినవానికి దైవంతో సమానంగా గుర్తింపు కోరిన ఆ మాట వెనుక, వేయేళ్ల కిందటే ఈ కొండకు జనం వెతుక్కుంటూ వచ్చేవారన్న సాక్ష్యం కూడా ఉంది. దాని తరువాత చెప్పుకోవలసింది పదో శతాబ్దికి చెందిన తూర్పు చాళుక్య యుద్ధమల్లుని బెజవాడ శాసనం; కార్తికేయుని ఆలయాన్ని గురించిన పద్యశాసనం అది. మధ్యాక్కర అనే దేశి ఛందస్సులో సాగిన ఆ పద్యాలు నన్నయకు ముందే తెలుగులో పద్యరచన పరిణతి పొందిందని చూపేవి కాబట్టి, సాహిత్య చరిత్రకారులకు అవి ప్రాణప్రదం.

కొండ పాదంలో ఉన్న గుహాలయాలకు గోల్కొండ సుల్తాను తానీషా మంత్రులైన అక్కన్న మాదన్నల పేరు స్థిరపడింది. గుహలు మాత్రం పదిహేడో శతాబ్దికి చెందిన ఆ సోదరులకంటే ఎన్నో శతాబ్దాలు పాతవి. ఆ తరువాతి కాలం దేవాలయ చరిత్రలో పెద్ద మలుపులు లేకుండానే గడిచింది. 1855 నాటికి కృష్ణ ఆనకట్ట, 1893లో రైలు వంతెన, 1957లో ప్రకాశం బ్యారేజి ఏర్పడడంతో మాత్రం యాత్ర స్వరూపం మారిపోయి, రైలు దిగినవారు నదీస్నానం చేసి నేరుగా కొండ ఎక్కగలిగారు. ఆపై ఘాట్ రోడ్డు రావడంతో వృద్ధులకూ వాహనాలకూ కొండ అందింది.

శరన్నవరాత్రులలో అమ్మవారు బాలాత్రిపురసుందరిగా, గాయత్రిగా, అన్నపూర్ణగా, మహాలక్ష్మిగా, రాజరాజేశ్వరిగా రోజుకొక అలంకారంలో దర్శనమిస్తుంది. మూలా నక్షత్రం నాడు సరస్వతీ అలంకారంలో ఉన్న తల్లిని చూడడానికి విద్యార్థులు, తల్లిదండ్రులు తెల్లవారకముందే వినాయకుని గుడి దగ్గర బారులు తీరుతారు. విజయదశమి సాయంత్రం ఆదిదంపతులు కృష్ణలో హంసవాహనం మీద విహరిస్తారు. వరద ఉధృతంగా ఉన్న ఏళ్లలో ఆ వాహనం ఒడ్డునే నిలిచిపోతుంది. ఆషాఢంలో కూరగాయలు, పండ్లతో శాకంబరి అలంకారం జరుగుతుంది, ఆడపడుచుకు పుట్టింటివారు తెచ్చినట్లుగా అమ్మవారికి సారె వస్తుంది. ఎర్రని వస్త్రాలు ధరించి నియమంగా భవానీ దీక్ష వహించిన భక్తులు గిరి ప్రదక్షిణ చేసి, ఇరుముడి సమర్పించి, మార్గశిరంలో దీక్ష విరమిస్తారు. ఈ దీక్షాపరులలో ఎక్కువమంది రైతులు, కూలీలు, ఆటో నడిపేవారు, చిన్న వ్యాపారులు. ఈ క్షేత్రానికి నిజమైన బలం వారే.

ఇటీవలి కాలంలో ఆలయం ఎదుర్కొన్న అతి కఠిన పరీక్ష 2020 సంవత్సరం. మార్చిలో కోవిడ్ కారణంగా దర్శనాలు నిలిచిపోయి, నిత్యపూజలు మాత్రం భక్తులు లేకుండానే ఏకాంతంగా సాగాయి. లక్షలాది పాదాల సవ్వడికి అలవాటుపడిన కొండ వేసవి అంతా నిర్మానుష్యంగా ఉండడం ఏ తరమూ చూడని దృశ్యం. జూన్‌లో తలుపులు తెరుచుకున్నా, ఆ ఏడాది దసరాకు రోజూ పరిమిత సంఖ్యలోనే భక్తులను అనుమతించవలసి వచ్చింది. అక్టోబరు 16న కొండ దిగువన కనకదుర్గ ఫ్లైఓవర్ ప్రారంభమైన ఆనందం ఇంకా తాజాగా ఉండగానే, అక్టోబరు 21న, సరిగ్గా మూలా నక్షత్రం నాడు, వానలకు నానిన కొండచరియ విరిగి ఆలయ సమీపంలోని తాత్కాలిక షెడ్ల మీద పడింది. అంతటి పండుగ రోజున ప్రాణనష్టం జరగకపోవడం అమ్మవారి దయ అని భక్తులు నమ్మారు. రాళ్లు తొలగించి, దర్శనాలు కొనసాగించి, ఉత్సవాలను విజయదశమి వరకు నడిపించిన సిబ్బంది శ్రమను కూడా ఆ నమ్మకంతో పాటే స్మరించాలి.

ఈ ప్రత్యేక సంచికలో పేర్లు చోటుచేసుకోని వారిని ఇక్కడ కృతజ్ఞతతో తలచుకోవడం విధి. అర్చకులు, వేదపండితులు, నాదస్వర విద్వాంసులు, పూలమాలలు కట్టేవారు, పులిహోర, లడ్డు తయారుచేసే వంటవారు, అన్నదానానికి బియ్యం, కూరగాయలు పంపే దాతలు, తలనీలాలు తీసే క్షురకులు, చెప్పుల స్టాండ్ల సేవకులు, క్యూలైన్లలో మంచినీళ్లు అందించే విద్యార్థి వాలంటీర్లు, స్నానఘట్టాల వద్ద కాపలా కాసే గజ ఈతగాళ్లు, రాత్రంతా చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికులు, బందోబస్తు పోలీసులు లేకుండా ఒక్క దసరా కూడా గడవలేదు.

ఇంత వైభవం మధ్య ఒక కొరత మాత్రం చెప్పక తప్పదు. 2016 కృష్ణా పుష్కరాల వేళ రోడ్ల విస్తరణలో కొండ దిగువన, నది ఒడ్డున ఉన్న చిన్న గుళ్లు తొలగిపోయినప్పుడు, యాత్రికులు దారిలో దండం పెట్టుకునే మజిలీలు కూడా పోయాయి. తొమ్మిది ఆలయాల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది 2021 జనవరి 8న. ఆ నాలుగేళ్ల ఖాళీ స్థానికులను బాధించింది. ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఎక్కే మెట్లదారికి దక్కిన శ్రద్ధ, వాహనాల దారికి దక్కిన శ్రద్ధలో సగం కూడా లేదు. త్రికోటిబోయి ఎవరో, యుద్ధమల్లుని పద్యాల విలువ ఏమిటో సామాన్య భక్తునికి చెప్పే ప్రయత్నమూ చాలినంతగా జరగలేదు. గంటల తరబడి నిలబడిన ఉచిత క్యూలోని తల్లికి గర్భగుడి ముందు దక్కేది రెప్పపాటు దర్శనమే, అదీ సిఫార్సు ఉన్నవారు వెళ్లిన తరువాత.

మెట్లదారి పొడవునా నీడ, తాగునీరు, కూర్చునే తావులు ఏర్పరచి, శాసనాల సారాంశాన్ని సులభమైన తెలుగులో పలకల మీద రాయించి, పండుగ రోజులలో ఉచిత దర్శనానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వవలసిందిగా దేవస్థానానికి ఈ సంచిక ద్వారా విన్నపం. ఓపిక ఉన్న భక్తులు ఈసారి దర్శనానికి మెట్లదారినే రావలసిందిగా మనవి.