వెలిసిపోయే రంగుతో పోటీ

ఆర్ట్ గ్యాలరీల్లో బొమ్మ పక్కన చిన్న చీటీ మీద ‘జిక్లే’ అని కనిపిస్తుంటుంది. ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న మాట, వినడానికి నాజూగ్గా ఉంటుంది. మూలంలో ఉన్న అర్థం మాత్రం ‘చిమ్మడం’, అంతే. 1991లో కాలిఫోర్నియాలోని నాష్ ఎడిషన్స్‌లో పనిచేసే జాక్ డుగాన్ దీన్ని పుట్టించాడు. ‘కంప్యూటర్’, ‘ఇంక్‌జెట్’ అంటే బొమ్మలు కొనేవాళ్ళు మొహం చిట్లించే రోజులవి.

ఆ స్టూడియో పెట్టింది పాటగాడు గ్రాహం నాష్ (అవును, క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్‌లో నాషే), ఆయన మిత్రుడు మాక్ హోల్‌బర్ట్. వాళ్ళ యంత్రం ఐరిస్ 3047, ఖరీదు 1,26,000 డాలర్లు. దాన్ని కళ కోసం చెయ్యలేదు. అచ్చుకి వెళ్ళేముందు రంగులు సరిచూసుకునే ప్రూఫుల కోసం చేశారు. గిరగిరా తిరిగే డ్రమ్ముకి కాగితం చుడితే, నాలుగు నాజిళ్ళు దాని మీద సిరా చిమ్ముతాయి. దళసరి కాగితం పట్టడం లేదని వీళ్ళు దాని ప్రింట్ హెడ్లని రంపంతో కోసి వెనక్కి జరిపారు. ఇక వారంటీ సంగతి చెప్పక్కర్లేదు.

ప్రూఫు బతకాల్సింది కొన్నాళ్ళే. అందుకే ఐరిస్‌లో నీళ్ళలో కరిగే డై సిరాలు వాడేవారు. వెలుతురు తగిలితే అవి కొన్నేళ్ళకే వెలిసిపోయేవి. బొమ్మ కొన్నవాడేమో జీవితాంతం ఉంటుందని కొన్నాడాయె. హెన్రీ విల్‌హెల్మ్ అనే పరిశోధకుడు ప్రింట్లని తీవ్రమైన దీపాల కింద పెట్టి, ఏది ఎన్నేళ్ళు నిలుస్తుందో లెక్కకట్టేవాడు. ఆ ఏళ్ళ లెక్కలే కంపెనీల ప్రకటనల్లోకి ఎక్కాయి. నన్నడిగితే బొమ్మల ప్రింటర్ల అసలు పోటీ ఇక్కడే మొదలైంది.

అప్పటికే హెచ్‌పీ డిజైన్‌జెట్‌తో ఇంజినీర్ల డ్రాయింగులూ, ఎన్‌క్యాడ్ రంగుల పోస్టర్లూ పట్టుకున్నాయి. (మన వీధుల్లో ఫ్లెక్సీలు కొట్టేవి వేరే జాతి యంత్రాలు, అదో పెద్ద కథ.) ఈ రెండూ సిరాని వేడిచేసి, బుడగ పుట్టించి, దాని తోపుతో చుక్కని బయటికి నెట్టేవి. ఎప్సన్ వేడి జోలికి పోలేదు. కరెంటు తగిలితే వంగే పీజో పలకతో సిరాని నొక్కింది. 2000లో 44 అంగుళాల స్టైలస్ ప్రో 9500లో పిగ్మెంట్ సిరా, అంటే నీళ్ళలో కరగని రంగు రేణువులు పోసి, 200 ఏళ్ళ దాకా నిలుస్తుందని ప్రచారం చేసింది. తీరా చూస్తే ఇంట్లో దీపం కింద బూడిదరంగులో ఉన్నది కిటికీ దగ్గర ఆకుపచ్చగా తేలేది! 2002లో అల్ట్రాక్రోమ్ సిరాలతో ఆ తేడాని చాలావరకు తగ్గించారు. అవి వాడే 9600 ధర 5 వేల డాలర్ల లోపే. ఐరిస్ ధర పక్కన పెట్టి చూసుకోండి.

ఇక ఐరిస్ నిలబడలేదు. చేతులు మారి, తయారీ ఆగిపోయింది. ఎన్‌క్యాడ్‌ని 2002లో కోడాక్ కొనేసింది. 2006లో కానన్, హెచ్‌పీ 12 సిరాలతో బొమ్మల మార్కెట్టులోకి దిగి ఎప్సన్‌కి ఎదురునిలిచాయి. కానీ అప్పటికి లాభం యంత్రం మీద కాదు, చిప్పు బిగించిన సిరా కార్ట్రిడ్జి మీద. యంత్రం చవకైంది గానీ, దాన్ని కొన్నవాడు ఏ సిరా పొయ్యాలో కంపెనీయే చెబుతోంది. రంపం పట్టుకునే చొరవకి అక్కడ చోటు లేదు.

నాష్ కోయించిన ఆ ఐరిస్ 2005 నుంచి స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. దాని మీద తొలిరోజుల్లో తీసిన ప్రింట్లని మాత్రం వెలుతురుకి దూరంగా దాచుకోవాల్సిందే.