‘ఎవరికైనా తట్టేదే’ అని పేటెంట్ తిరస్కరిస్తే.. భిలాయ్ నుంచి అప్పీలు ఎక్కడికి?

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఓ ఇంజినీరు క్రేన్‌ను దూరం నుంచే నడిపే రిమోట్‌కు కొత్త పద్ధతి కనిపెట్టారనుకుందాం. పేటెంట్‌కు దరఖాస్తు చేస్తే, ‘ఈ రంగం తెలిసినవారికి ఇది ఇట్టే తడుతుంది’ అంటూ కంట్రోలర్ తిరస్కరించారు. ఇప్పుడేం చేయాలి?

చట్టం ఏం చెబుతోంది?

1970 పేటెంట్ల చట్టం ప్రకారం ఆవిష్కరణలో ‘ఇన్వెంటివ్ స్టెప్’ ఉండాలి. అంటే అప్పటికే తెలిసిన దానికంటే సాంకేతికంగా ముందడుగు లేదా ఆర్థిక ప్రాధాన్యం ఉండాలి. పైగా ఆ రంగంలో నైపుణ్యం ఉన్నవారికి అది తేలిగ్గా తట్టేది కాకూడదు. వర్క్‌షాపులో చేసుకునే మామూలు మార్పుచేర్పులు సరిపోవని సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో చెప్పింది.

బిలాస్‌పూర్ కాదు, ముంబయి

ఛత్తీస్‌గఢ్ దరఖాస్తులు ముంబయి పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ (ఐపీఏబీ) 2021లో రద్దయ్యాక ఆ బాధ్యత హైకోర్టులకు చేరింది. ఏ ఆఫీసులో దరఖాస్తు చేశారో ఆ ప్రాంత హైకోర్టుకే వెళ్లాలని హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2022లో చెప్పింది. ఆ లెక్కన భిలాయ్ దరఖాస్తుదారు వెళ్లాల్సింది బిలాస్‌పూర్‌లోని రాష్ట్ర హైకోర్టుకు కాదు, బాంబే హైకోర్టుకు. గడువు ఉత్తర్వు తేదీ నుంచి మూడు నెలలు.

ఏం వాదించాలి?

పాత పరిజ్ఞానం ఏమిటి, కొత్త ఆవిష్కరణ ఏమిటి, మొదటిదాని నుంచి రెండోది ఎలా తడుతుంది? ఈ మూడూ ఉత్తర్వులో చర్చించాలని, ‘తట్టేదే’ అని ఒక్క ముక్కలో తేల్చకూడదని ఢిల్లీ హైకోర్టు 2022లో అగ్రిబోర్డ్ కేసులో స్పష్టం చేసింది. ఆ చర్చ లేకపోవడమే అప్పీలుకు బలమైన ఆధారం. అయితే ఈ లోపం రుజువైనా పేటెంట్ వెంటనే చేతికి రాకపోవచ్చు. దరఖాస్తును మళ్లీ పరిశీలించమని కోర్టు వెనక్కి పంపే అవకాశం ఉంటుంది.

‘తట్టేదే’ అన్న మాటపై జడ్జీలకే ఏకాభిప్రాయం కుదరదు. టీవీ వంటి వేర్వేరు పరికరాలకు వేర్వేరు మార్గాల్లో ఆదేశాలు పంపే రిమోట్ టెక్నాలజీపై అమెరికాలో రోకు, యూనివర్సల్ ఎలక్ట్రానిక్స్ తలపడ్డాయి. ఆ పేటెంట్ చెల్లదని రోకు నిరూపించలేకపోయిందని పేటెంట్ బోర్డు తేల్చింది. 2023లో అప్పీలు కోర్టు దాన్ని 2-1తో సమర్థించింది. వాస్తవాలపై బోర్డు తేల్చినదానికి రికార్డులో తగిన ఆధారం ఉందా అన్నదే మెజారిటీ జడ్జీలు చూశారు.

మన దగ్గరా మొదటి పరీక్ష నివేదికకు ఇచ్చే జవాబులోనే తేడాలను, ప్రయోగ ఫలితాలను రికార్డుకెక్కించడం మేలు. అప్పీలులో వాదన నిలబడేది వాటిపైనే.