మోదుగపువ్వుకి ఎన్ని రేకులు?

ఉగాదికి నాలుగు రోజుల ముందు మా అక్క కూతురు బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. పైన ‘వసంతం’ అని రాసుంది. కింద ఒక పువ్వు అచ్చేసి ఉంది: మధ్యలో సున్నా, చుట్టూ ఐదు రేకులు, ఒక కాడ, అటో ఆకు ఇటో ఆకు. గీత దాటకుండా రంగులు నింపుకు రావాలట. ఇదేం పువ్వే అని అడిగితే నన్నో వెర్రిదాన్ని చూసినట్టు చూసి, “ఫ్లవర్, పిన్నీ” అంది.

నేనూ ఆ ఫ్లవర్‌నే గీస్తూ పెరిగాను. మీరూ అంతే అయ్యుంటారు. వసంతం అనగానే పిల్లల చేతికి తయారు పువ్వు ఇవ్వాలా, లేక చెట్టు కిందకి తీసుకెళ్ళి వదిలెయ్యాలా అన్న తగువు మాత్రం చాలా పాతది. అది బాగా ముదిరిన చోట్లలో జపాన్ ఒకటి.

అక్కడ 1880లలో బడిపిల్లలు బొమ్మలు పెన్సిల్‌తో వెయ్యాలా, కుంచెతో వెయ్యాలా అని పెద్ద చర్చ నడిచింది. పెన్సిల్ అంటే పడమటి చదువు, కుంచె అంటే సొంత సంప్రదాయం. ఒకాకురా కకుజో లాంటివాళ్ళు కుంచె పక్షం. గమ్మత్తేంటంటే, ఏ పక్షం గెలిచినా పిల్లవాడు చేసేది ఒకటే: ఎదురుగా పెట్టిన నమూనా చూసి దించడం. 1910లో ప్రభుత్వం కొత్త డ్రాయింగ్ పుస్తకం తెచ్చింది. అందులో వేరే అభ్యాసాలు కూడా ఉన్నాయి కానీ, చాలా తరగతి గదుల్లో అదీ దించుడు పుస్తకంగానే చెలామణీ అయింది.

దీని మీద తిరగబడ్డవాడు యామమొతో కనాయె. 1882లో పుట్టాడు, చిన్నతనంలోనే చెక్క మీద బొమ్మలు చెక్కే పనిలో చేరాడు. ఆ రోజుల్లో ముద్రాచిత్రానికి గీసేవాడొకడు, చెక్కేవాడొకడు, అచ్చేసేవాడొకడు. 1904లో ఇతను ఒక జాలరి బొమ్మని తనే గీసి, తనే చెక్కాడు. ఇంకొకరి గీత మీద ఉలి నడపడం ఎంత విసుగో అనుభవించినవాడు కాబట్టే, పిల్లల బాధ అతనికి అంత తొందరగా పట్టిందని నా అనుమానం.

1912లో ఫ్రాన్స్ వెళ్ళాడు. 1916లో రష్యా మీదుగా ఇంటిదారి పట్టి, మాస్కోలో ఆగినప్పుడు పిల్లల చిత్రాల ప్రదర్శన చూశాడు. వాళ్ళ నాన్న నగానో కొండ ప్రాంతంలో, ఉయెదా దగ్గర కంగావా అనే ఊళ్ళో వైద్యుడు. 1919 ఏప్రిల్‌లో, అంటే ఆ కొండల్లో చెర్రీ పూసే రోజుల్లో, ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలోనే మొదటి ‘స్వేచ్ఛాచిత్రాల’ ప్రదర్శన పెట్టించాడు. నియమం చిన్నది: చూసి దించిన బొమ్మ వద్దు, నీ కంటితో చూసింది గియ్యి. ఆ మాట ఊళ్ళు దాటి దేశమంతా పాకింది.

పాకాక ఒక చిక్కు. బయట కూర్చుని పువ్వు గియ్యాలంటే చేతిలో రంగుండాలి. అప్పటి మైనం క్రేయాన్లు గట్టివి, కాగితం మీద రంగులు కలిసేవి కావు. పాస్టెల్ పొడి కలుస్తుంది గానీ రాలిపోతుంది. యామమొతో ఆలోచనల ప్రభావంతో సకురా కంపెనీ రెండింటి గుణాలూ కలిపి 1925లో ‘క్రేపాస్’ తెచ్చింది. మొదట్లో అవి ఎండకి మెత్తబడేవి, చలికి బిగుసుకునేవి. వేసవికో రకం, చలికాలానికో రకం అమ్మాల్సొచ్చింది. మన పిల్లల బ్యాగుల్లో ఇవాళ ఉండే ఆయిల్ పాస్టెల్ డబ్బా ఆ వంశానిదే. వాటితో మనం అచ్చు పువ్వుల్లో గీత దాటకుండా రంగు నింపిస్తున్నాం!

1928 నాటికి యామమొతో ఆ ఉద్యమం నుంచి తప్పుకున్నాడు. ‘దించొద్దు’ అన్నంత మాత్రాన చూడ్డం రాదు. టీచరు చేతులు కట్టుకుని కూచుంటే పిల్లవాడు తనకి తెలిసిన ఫ్లవర్ దగ్గరికే తిరిగొస్తాడు. నమూనా పుస్తకంలో లేకపోతే పక్కవాడి కాగితంలో ఉంటుంది. ఆ ఖాళీ దగ్గరే నాకు నందలాల్ బోస్ గుర్తొస్తాడు.

కంగావా ప్రదర్శన జరిగిన 1919లోనే శాంతినికేతన్‌లో కళాభవన్ మొదలైంది. కొన్నేళ్ళకి నందలాల్ దాన్ని నడిపే బాధ్యత తీసుకున్నాడు. విద్యలో కళ స్థానం గురించి రాసిన వ్యాసంలో ఆయన ఋతువుల సంగతి ఎత్తుతాడు. శరత్తులో తామరకొలనుల దగ్గరికీ, వసంతంలో పలాశ, బూరుగ పూసిన చోటికీ పిల్లల్ని తీసుకెళ్ళమంటాడు. ముందు చూపించు, గీయించడం తర్వాత. యామమొతో నమూనా తీసేశాడు. నందలాల్ దాని స్థానంలో ఒక నడక పెట్టాడు. నా ఓటు రెండోదానికే. కాకపోతే నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఆ నడక ఎక్కడ పడుతుందో నాకూ తెలీదు.

పలాశ అంటే మరేదో కాదు, మన మోదుగ. తెలంగాణ నుంచి కొండపల్లి శేషగిరిరావు వెళ్ళి నందలాల్ దగ్గర నేర్చుకున్నారు. మోదుగ చూడ్డానికి ఆయనకి బెంగాల్ దాకా వెళ్ళే పనేమీ లేదు. ఆకులన్నీ రాల్చేసి ఒంటినిండా పూస్తుంది. సంస్కృతంలో కింశుకం, ‘ఇది చిలకా?’ అని. లెక్కకి దీనికీ ఐదు రేకులే. కానీ ఒకటి వెనక్కి విరుచుకుంటుంది, రెండు పక్కలకి ఒదుగుతాయి, మిగతా రెండూ కలిసి ముక్కులా వంగుతాయి. సున్నా చుట్టూ సర్దితే కుదరదు.

ఆదివారం దాన్ని ఊరి బయటికి తీసుకెళ్ళాను. పూలు చివరికొచ్చాయి, చెట్టు కింద సగం వాడినవి పడున్నాయి. ఒకటి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. పాస్టెల్ డబ్బా తెరిచి నారింజ తీస్తుందనుకున్నాను. నలుపు తీసింది.

“నలుపెందుకే?”

“కింద చూడు పిన్నీ, టోపీ.”

నిజమే. రేకుల మొదట్లో మఖమల్ లాంటి నల్లటి గిన్నె. ఇన్నేళ్ళుగా ఆ దారిన పోతూ నేను చూడలేదు. సోమవారం బడికి ఇవ్వాల్సిన కాగితం మాత్రం రాత్రి కూచుని గీత దాటకుండా గులాబీరంగు నింపింది.