క్రిస్మస్ ప్రకటనలు: ఒక నినాదపు చరిత్ర

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధపు అమెరికా పట్టణ పత్రికలను తిరుగవేయునపుడు, డిసెంబరు మాసపు పుటలలో ఒక మాట పదే పదే కంటబడును: "క్రిస్మస్ కొనుగోళ్లు ముందుగా ముగించుకొనుడు." ఊరి బట్టల వర్తకులును, ఆటవస్తువులు అమ్మువారును, నగల దుకాణదారులును తమ సరకుల బొమ్మల క్రింద ఈ వాక్యమును అచ్చు వేయించెడివారు. పండుగకు ఇంకెన్ని దినములున్నవో లెక్క చూపుటయు పరిపాటి.

ఇది వట్టి వ్యాపారపుటెత్తుగా తోచును. కాని తొలుత ఈ మాటకు బలము చేకూర్చినది లాభాపేక్ష గాదు, జాలి. పండుగ దగ్గరపడిన కొలది నగరములలోని అంగళ్లు రాత్రి చాల ప్రొద్దుపోవువరకు తెరచియుండెడివి. అమ్మకపు పని చేయు యువతులు దినమెల్ల నిలువుకాళ్లపై నుండెడివారు. మూటలు ఇండ్లకు చేర్చు బాలురు రాత్రివేళ చలిలో తిరుగుచుండెడివారు. జాతీయ వినియోగదారుల సంఘమునకు కార్యదర్శినియైన ఫ్లారెన్స్ కెల్లీ 1903లో ఈ దుస్థితిని గూర్చి తీవ్రముగా వ్రాసెను. ప్రజలు ముందుగా కొన్నచో వీరి కష్టము తగ్గునని ఆ సంఘము చాటెను. వర్తకులును ఆ మాటను సంతోషముతో అందుకొనిరి. ముందుగా వచ్చినవారు మరల వచ్చి, ఇంకను కొందురు గదా!

కొనుటకు ధనము కావలెను. 1909లో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి కార్లైల్ పట్టణమున ఒక బ్యాంకు క్రిస్మస్ పొదుపు నిధిని నెలకొల్పెను. సభ్యులు కొద్దికొద్దిగా సొమ్ము కట్టుచు, డిసెంబరు ఆరంభమున మొత్తమును తీసికొనెడివారు. తొలియేట 350 మంది చేరిరి; ఒక్కొక్కరు దాచినది సుమారు 28 డాలర్లు. పండుగ చీటీలు కట్టుకొను మన గృహిణులకు ఈ పద్ధతి వింత గాదు.

అయినను అట్లు కూడబెట్టిన సొమ్మంతయు ఇష్టపూర్వకముగనే వ్యయమగుచుండెనని చెప్పరాదు. అంగళ్లలోని యువతులు తమ పై అధికారులకు కానుకలీయక తప్పెడిది కాదు. దీనిని మాన్పుటకై ఎలినార్ బెల్మంట్, ఆన్ మోర్గన్ అను వనితలు 1912లో న్యూయార్కున నిరర్థక కానుకల నివారణ సంఘమును స్థాపించిరి. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ సైతము అందు చేరెను.

కాలక్రమమున జాలి మరుగుపడి, వ్యాపారమే మిగిలెను. కృతజ్ఞతా దినము గడచిన పిమ్మటనే క్రిస్మస్ బేరములు ఆరంభమగుట నాడు అచటి ఆచారముగా నుండెను. 1939లో ఆ దినము నవంబరు 30వ తేదీన పడగా, అమ్మకములకు వ్యవధి చాలదని వర్తకులు మొరపెట్టుకొనిరి. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ దానిని 23వ తేదీకి జరిపెను. కొన్ని రాష్ట్రములు అందుల కంగీకరింపలేదు. తుదకు 1941లో శాసనము చేసి, నవంబరులోని నాలుగవ గురువారమును స్థిరపరచిరి.

ఆ పాత ప్రకటనలలోని బొమ్మలు, రైలుబండ్లు, చలికోటులు నేటికిని ముచ్చట గొలుపును. వానిని చూచునపుడు, ఆ సరకులను రాత్రి ప్రొద్దుపోవువరకు నిలుచుండి అమ్మిన యువతులనుగూడ స్మరించుట న్యాయము.