వేలిముద్రల చట్టం: విముక్త జాతుల కథ

కోయంబత్తూరు జిల్లాలోని కారమడై రంగనాథస్వామి క్షేత్రం. స్వామి వెలసిన పొదను మొదట కనుగొన్నవాడు తొట్టియ నాయకర్ కులస్థుడైన పశువుల కాపరి అని స్థలపురాణం. రాజకంబళం వారని కూడా పిలువబడే ఈ కులస్థుల ఇంటి భాష తెలుగు. తమిళనాడు ప్రభుత్వపు విముక్త జాతుల జాబితాలో కోయంబత్తూరు జిల్లా తొట్టియ నాయకర్లు ఉన్నారు. ఈ విముక్తి దేనినుండి కలిగినదో నేటి పిల్లలలో అనేకులకు తెలియదు.

చట్టం స్వరూపం

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టాన్ని చేసింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. 1924లో దానిని తిరిగి క్రోడీకరించారు. ప్రభుత్వం ఒక జాతిని నేరస్థ జాతిగా గెజిటులో ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదు. ఆ జాతివారి పేర్లను రిజిస్టరులో వ్రాసి, వేలిముద్రలు తీసుకొనేవారు. నిర్ణీత వేళలలో హాజరు చెప్పుకోవాలనీ, ఊరు విడిచి వెళ్లదలచినా, నివాసం మార్చదలచినా ముందుగా తెలుపాలనీ ఆజ్ఞాపించే అధికారం ప్రభుత్వానికి ఉండేది. మధుర ప్రాంతంలో దీనికి 'రేగై సట్టం', అనగా రేఖల చట్టమని పేరు. 1920 ఏప్రిల్ 3న పెరుంగామనల్లూరులో వేలిముద్రలు ఇవ్వ నిరాకరించిన కళ్లర్లపై పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించారు. తెలుగునాట ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో స్టువర్టుపురం సెటిల్మెంటులో ఉంచారు.

నేరం మోపినవారే దానిని నిరూపించాలన్నది న్యాయసూత్రం. ఈ చట్టం దానిని తలక్రిందులు చేసింది. పుట్టుకయే నేరారోపణ, రిజిస్టరే సాక్ష్యం అయినవి.

రద్దు, తరువాత

మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అయితే మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. ఇది జాతికి గాక, శిక్షపడిన వ్యక్తికి వర్తించేది. పోలీసు స్టేషనులలో హిస్టరీ షీట్ల పద్ధతి నేటికీ ఉన్నది.

న్యాయస్థానాల తీర్పులు

ఖరక్ సింగ్ కేసులో 1962లో సుప్రీంకోర్టు, నిఘాలో ఉన్నవాని ఇంటికి పోలీసులు రాత్రివేళ వచ్చి తట్టడం చెల్లదన్నది. గోప్యత మాత్రం ప్రాథమిక హక్కు కాదన్నది. ఈ రెండవ మాటను 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం త్రోసిపుచ్చింది. నాటినుండి గోప్యత ప్రాథమిక హక్కు.

అమానతుల్లా ఖాన్ కేసులో 2024 మే 7న, వెనుకబడిన వర్గాల నిర్దోషుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లకెక్కకుండా తమ విధానాలను పునఃపరిశీలించాలని రాష్ట్రాలకు అదే న్యాయస్థానం సూచించింది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో, విముక్త జాతులవారిని నిరంకుశంగా అరెస్టు చేయరాదని పోలీసులను ఆదేశించింది.

కుటుంబాలు తెలుసుకోవలసినవి

1. కేవలం కులాన్నిబట్టి ఎవరి పేరూ నేరస్థుల పట్టికలో చేర్చరాదు. చేర్చినచో హైకోర్టులో రిట్ వేయవచ్చును.

2. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం ప్రకారం అరెస్టయినవారి వేలిముద్రలు, కనుపాప గుర్తులు మొదలైనవి సేకరించి 75 సంవత్సరాలు నిలువ ఉంచవచ్చును. అంతకుముందు శిక్షపడనివారు విచారణ లేకుండా విడుదలైనా, నిర్దోషులుగా తేలి అప్పీళ్లన్నీ ముగిసినా, కోర్టు వేరుగా ఆదేశించకుంటే వాటిని తొలగించాలి.

3. సర్టిఫికెట్టులోని 'విముక్త' అనే మాటను చూచి పిల్లలు సిగ్గుపడనక్కరలేదు. నేరమేమీ రుజువు కాకుండానే తమ పెద్దలపై వేసిన ముద్రను ప్రభుత్వమే చెరిపివేసినదని ఆ మాటకు అర్థం.