మేకప్ బ్రష్షులు: జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో ముఖాలంకరణ కుంచె చరిత్ర

ముఖానికి పొడి, ద్రవ, లేపన రూపాల్లో ఉండే రంగులను అద్దడానికి, అద్దినవాటిని చర్మంపై సమంగా పరచడానికి, ఒక రంగు అంచును మరొకదానిలో కలిసిపోయేలా చేయడానికి వాడే కుంచెలను మేకప్ బ్రష్షులు అంటారు. ప్రతి బ్రష్షులోనూ మూడు భాగాలుంటాయి: రంగును పట్టే వెంట్రుకల కుచ్చు, చేతితో పట్టుకునే పిడి, ఈ రెండింటినీ జిగురు సాయంతో కలిపి బిగించే లోహపు గొట్టం. ఆ గొట్టాన్ని వృత్తిలో ఉన్నవారు ఫెర్రుల్ అంటారు. పూర్వపు కృష్ణా జిల్లా పడమటి మెట్టలోని జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఈ ప్రాంతంలో ముఖానికి రంగు వేయడం చాలా పాత అలవాటే అయినా, అందుకు ప్రత్యేకమైన బ్రష్షును వాడడం ఇటీవలి విషయం. ఆ మధ్యకాలమంతా వేలు, పుల్ల, దూది, చిత్రకారుడి కుంచె కలిసి ఆ పని చేశాయి.

కాటుక పెట్టుకునే శలాక ముఖాలంకరణ సాధనాల్లో అన్నిటికంటే పాతది. రాగితో చేసిన ఇటువంటి శలాకలు హరప్పా నాగరికత స్థలాల్లోనే దొరికాయి. రంగస్థలం విషయానికొస్తే, నాట్యశాస్త్రం వేషధారణకు సంబంధించిన ఆహార్యాభినయాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం అని నాలుగుగా విభజించింది. వీటిలో అంగరచన అంటే నటుడి ముఖానికి, శరీరానికి రంగులు వేయడం. తెలుపు, నీలం, పసుపు, ఎరుపు అనే నాలుగు మూలవర్ణాలను చెప్పి, మిగిలిన రంగులను వాటి కలయికతో సాధించాలని ఆ గ్రంథం బోధిస్తుంది. కృష్ణా జిల్లా డెల్టా భాగంలోని కూచిపూడిలో రూపుదిద్దుకున్న భాగవతుల ప్రదర్శనలు ఆహార్యానికి పెద్దపీట వేశాయి. పురుషులే స్త్రీ పాత్రలు ధరించిన ఆ సంప్రదాయంలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా పొందిన ఖ్యాతిలో అభినయంతో పాటు ముఖరచనకూ వాటా ఉంది.

మెట్ట ప్రాంతంలో కుంచెకు, ముఖానికి ఉన్న సంబంధం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది మనుషుల ముఖాల మీద కాదు, దేవతామూర్తుల మీద. మునేరు ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులోని తిరుపతమ్మ, గోపయ్య, వారి సహదేవతల విగ్రహాలను రెండేళ్లకొకసారి ఊరేగింపుగా జగ్గయ్యపేట తీసుకువచ్చి, అక్కడి రంగుల మండపంలో కొత్తగా రంగులు వేయించి, తిరిగి ఆలయానికి చేరుస్తారు. రంగుల ఉత్సవంగా పిలిచే ఈ వేడుకలో కళ్లు, కనుబొమ్మలు, పెదవులు, నుదుటి బొట్టు అన్నీ సన్నని కుంచెతో తీర్చవలసినవే. ముఖంలోని జీవం గీతల అంచుల్లో ఉంటుందన్న ఎరుక ఈ ప్రాంతానికి కొత్త కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం అక్కర్లేదు.

కోస్తా ఆంధ్రలో ఆధునిక నాటకం 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం ప్రదర్శనల ప్రేరణతో ఊపందుకుంది. పిదప తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలతో పద్యనాటకం కృష్ణా తీరపు పల్లెల్లో పాతుకుపోయింది. రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవారే దాకా సాగే ఆ ప్రదర్శనల్లో, పెట్రోమాక్స్ దీపాల వెలుగులో దూరాన కూర్చున్నవారికి కూడా పాత్ర ముఖకవళికలు తెలియాలంటే రంగు దట్టంగానూ గీత ముదురుగానూ ఉండక తప్పేది కాదు. తెలుగు వీథినాటక, యక్షగాన కళాకారులు పసుపు ఛాయకు అర్దళం, ఎరుపుకు ఇంగిలీకం, తెలుపుకు సఫేదా, నలుపుకు కాటుక వాడేవారు. అర్దళం అనే ఖనిజం ఆర్సెనిక్, గంధకాల సమ్మేళనం. ఇంగిలీకం పాదరసం, గంధకాల సమ్మేళనం. సఫేదా పూర్వం సీసంతో తయారయ్యేది. మూడూ విషపదార్థాలే కనుక, సీసపు తెలుపు స్థానంలో జింక్ ఆక్సైడ్ వాడుకలోకి రావడాన్ని రంగస్థల చరిత్రలో చిన్న మార్పుగా తీసివేయకూడదు. ఈ రంగులను నూనెతో కలిపి వేళ్లతో పూసేవారు. కనుబొమ్మలు, మీసాలు, నామాల వంటి గీతలకు పుల్లనో, బొమ్మలు వేసే సన్నని కుంచెనో ఆశ్రయించేవారు. కేరళ కథాకళిలో నేటికీ గీతలు దిద్దడానికి కొబ్బరి ఈనెలు వాడడాన్ని గమనిస్తే, ఇది పేదరికం వల్ల వచ్చిన పద్ధతి కాదనీ, చిక్కని లేపనాలకు పుల్ల నిజంగానే సరిపోయే సాధనమనీ అర్థమవుతుంది.

పురుషుడి ముఖాన్ని స్త్రీ ముఖంగా మార్చడంలో స్థానం నరసింహారావు తెలుగు రంగస్థలంపై సాధించిన నైపుణ్యం ప్రసిద్ధం. దీనికి వ్యతిరేక ఉదాహరణ ఎన్టీఆర్ జిల్లాలోనే ఉంది. విజయవాడ కళాశాలలో చదివే రోజుల్లో ఒక నాటకంలో నాగమ్మ పాత్ర వేసిన నందమూరి తారక రామారావు మీసం తీయనని పట్టుబట్టడంతో ఆయనకు మీసాల నాగమ్మ అనే పేరు వచ్చింది; ఎంత మంచి కుంచె అయినా చేయలేని పని ఒకటుంటుంది. తరువాత సినిమాల్లో ఆయన ముఖాన్ని తీర్చిన పీతాంబరం, తమిళ నటుడు ఎం.జి.రామచంద్రన్‌కు కూడా మేకప్ నిపుణుడిగా పేరుపొందారు.

వేలి స్థానంలోకి స్పాంజి, బ్రష్షు రావడానికి ప్రధాన కారణం కెమెరా. మ్యాక్స్ ఫ్యాక్టర్ 1914లో సినిమా కోసం పలుచని లేపనాన్ని రూపొందించాడు. 1930ల చివర్లో వచ్చిన ఆయన పాన్‌కేక్ అనే అచ్చు పొడిని తడి స్పాంజితో అద్దేవారు. దగ్గరి దృశ్యంలో వేలిగుర్తు కూడా పట్టుబడుతుంది కనుక రంగు పొర పలచబడింది, పొర పలచబడేకొద్దీ దానిని పరిచే సాధనానికి ప్రాముఖ్యం పెరిగింది. 1963లో లవకుశ వంటి పూర్తి రంగుల చిత్రం వచ్చేసరికి ఛాయల మధ్య తేడాలు ప్రేక్షకుడికి నేరుగా కనిపించసాగాయి. అయితే ఈ వృత్తి చాలాకాలం పురుషుల చేతుల్లోనే ఉండిపోయింది. మహిళలకు మేకప్ కళాకారులుగా సభ్యత్వం నిరాకరించిన సినీ వృత్తి సంఘం నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు 2014 నవంబర్ 10న చారు ఖురానా కేసులో తీర్పు చెప్పింది. చిన్న పట్టణాల్లో మాత్రం బ్యూటీ పార్లర్లు, పెళ్లికూతురి అలంకరణ ద్వారా ఈ పని అంతకుముందే స్త్రీల చేతికి వచ్చింది. ఒకప్పుడు కల్యాణ తిలకం, బుగ్గచుక్క, పారాణితో ముగిసిన అలంకరణకు పెళ్లి వీడియో కొత్త కొలతలు తెచ్చింది.

బ్రష్షుల తయారీలో మేక, ఉడుత, గుర్రం వెంట్రుకలు చిరకాలంగా వాడుకలో ఉన్నాయి. జంతువు వెంట్రుక పైన సూక్ష్మమైన పొలుసులుంటాయి, వాటి సందుల్లో పొడి నిలుస్తుంది. అందుకే బుగ్గరంగుకు, పౌడరుకు అది అనువైనది. అదే వెంట్రుక ద్రవాన్ని పీల్చుకుంటుంది కనుక ఫౌండేషన్ వంటి లేపనాలకు నునుపైన కృత్రిమ పోగు మేలు. 1935లో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్‌ను కనుగొన్నది. 1938లో దాని తొలి వాడుక పళ్ల బ్రష్షులోనే జరిగింది. తరువాతి కాలపు పాలియెస్టర్ పోగుల కొనలను సన్నగా తీర్చడం సాధ్యమయ్యాక జంతు వెంట్రుకకు దీటైన మెత్తదనం వచ్చింది. జంతు వెంట్రుకతో ఆరోగ్య సమస్య కూడా ఒకటుంది: మొదటి ప్రపంచయుద్ధ కాలంలో శుద్ధి చేయని వెంట్రుకలతో చేసిన గడ్డం బ్రష్షుల వల్ల ఆంత్రాక్స్ వ్యాపించగా, 1920లో బ్రిటన్ జపాన్ గడ్డం బ్రష్షుల దిగుమతిని నిషేధించింది. భారతదేశంలో ముంగిస వెంట్రుకలతో చేసిన కుంచెల వ్యాపారం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిత్రకారుల కుంచెలనే గీతలకు వాడే నాటక కళాకారులు ఈ సంగతి తెలుసుకోవడం అవసరం.

ఎంపికలో బ్రాండు కంటే ముందు చూడవలసింది వాడబోయే రంగు స్వభావం. విశాలమైన వదులు కుచ్చు రంగును పలుచగా చల్లుతుంది, బిగువైన పొట్టి కుచ్చు ఒకేచోట దట్టంగా పెడుతుంది. కుచ్చును అరచేతిలో నొక్కి వదిలితే వెంటనే పూర్వాకారానికి రావాలి. మెల్లగా లాగితే వెంట్రుకలు ఊడకూడదు. గొట్టం పిడిపై కదలకూడదు. తడి తెల్లగుడ్డపై రుద్దితే రంగు దిగకూడదు. పెద్ద డబ్బాలో వచ్చే ఇరవై, ముప్పై బ్రష్షుల చవక సెట్లలో చాలావాటికి పని ఉండదు. పౌడరుకు ఒకటి, ఫౌండేషన్‌కు ఒకటి, కనురెప్పల రంగును కలపడానికి ఒకటి, గీతకు ఒకటి ఉంటే సాధారణ గృహావసరానికి చాలు.

సంరక్షణలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది నీటిది. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలను నిలబెట్టిన సున్నపురాయి పొరలే భూగర్భజలంలోకి కాల్షియం లవణాలను వదులుతాయి. అటువంటి కఠినజలంలో సబ్బు నురగ రాక, కరగని తెట్టుగా మారి వెంట్రుకల మధ్య పేరుకుంటుంది, ఆరిన తరువాత కుచ్చు గరుకెక్కుతుంది. అందువల్ల బోరునీటితో కడిగేవారు సబ్బుకు బదులు గాఢత తక్కువైన షాంపూ వాడి, చివరి జాలింపుకు శుద్ధి చేసిన నీటిని ఉపయోగించడం మంచిది. గోరువెచ్చని నీటిలో కుచ్చు కొనలను మాత్రమే తడిపి, కిందికి వంచి కడగాలి. నీరు గొట్టంలోకి దిగితే జిగురు వదులై వెంట్రుకలు రాలతాయి, చెక్క పిడి ఉబ్బుతుంది. వేళ్లతో ఆకారం సరిచేసి, కొన బల్ల అంచు దాటి ఉండేలా అడ్డంగా పడుకోబెట్టి నీడలో ఆరనివ్వాలి. వేసవి ఉష్ణోగ్రతలతో నందిగామ పేరు తరచు వార్తల్లోకి వచ్చే ఈ ప్రాంతంలో, నేరుగా ఎండలో పెట్టడం జిగురుకూ పోగుకూ చేటే. వానాకాలంలో తడి ఆరకముందే పెట్టెలో మూసిపెడితే బూజు పడుతుంది.

సొంతానికి వాడే బ్రష్షులను ఏడు నుంచి పది రోజులకొకసారి కడగాలని అమెరికన్ చర్మవైద్యుల సంస్థ సూచిస్తుంది. పార్లర్లలోనూ నాటక బృందాల్లోనూ ఈ గడువు సరిపోదు. ఒకే స్పాంజి, ఒకే బ్రష్షు పలు ముఖాలపై తిరిగే చోట మనిషి మనిషికీ మధ్య 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, అది పూర్తిగా ఆరాకే మళ్లీ వాడాలి. బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం 2019లో ప్రచురించిన పరిశోధనలో, వాడుకలో ఉన్న సౌందర్య సాధనాల్లో అత్యధికంగా సూక్ష్మజీవులు కనిపించింది లేపనం పరిచే స్పాంజుల్లో. వాటిలో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివి.